మిరియం పక్కటెముకలు

శ్రీ సిటీ, లేడీస్ హాస్టల్
జూలై

వదినకు,

నీ ఆడబిడ్డ లోహిత రాస్తున్నది. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఏం చేయమంటావు? మన ఇంట్లో ఉన్నది ఫోను కాదు, మైకు. నువ్వు ఎత్తగానే అమ్మ వచ్చి స్పీకరు నొక్కుతుంది. అన్న అంగడి నుంచి వచ్చి ఉంటే పక్కన నిలబడి దగ్గుతాడు. ఆ దగ్గు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. మన వీధి ఇమ్మానుయేల్ అన్న రోజూ శ్రీకాళహస్తి నుంచి మా కంపెనీ బస్సు తోలుకొస్తాడు కదా, ఆయన చేతికి ఇది ఇస్తున్నాను. నువ్వు రాసింది కూడా ఆయనకే ఇవ్వు. నోరు మెదిపే మనిషి కాదు.

ఆ బస్సులోనే రోజూ వచ్చి పోవచ్చు కదా, హాస్టలెందుకని ఇక్కడ అందరూ అడుగుతున్నారు. పుత్తూరు వాళ్ళు పెళ్ళిచూపులకొచ్చి పిల్ల నచ్చింది, కుక్క మాత్రం వద్దన్నారని, అన్న నన్నొక్క మాట అడక్కుండా "దాన్ని తోలేస్తాం లెండి" అని మాట ఇచ్చేశాడని, నేను కాఫీ పళ్ళెం వాళ్ళ ముందే నేల మీద పెట్టి లేచిపోయానని ఎంతమందికని చెప్పను? అన్న తప్పయిందని అనేదాకా ఆ గడప తొక్కనని చెప్పి వచ్చాను. ఆ మాట మీదే ఉన్నాను. కానీ నా నల్లకుక్క మిరియం ఆ గడప లోపలే ఉండిపోయాడు. హాస్టల్లో పిల్లిని కూడా రానివ్వరు.

వాడు తింటున్నాడా? పొద్దున ఒక సత్తు గిన్నె, సాయంత్రం ఒకటి. నిండుగా వద్దు, అంచుకు వేలెడు తక్కువ. మిషను ముందు నిలబడితే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మనసు మాత్రం మన మెట్ల కింద గోనెసంచి దగ్గరే తిరుగుతోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

నీకు కుక్కలంటే భయమని తెలిసీ నీకే అప్పజెప్పి వచ్చాను. ఆ ఇంట్లో నేను నమ్మేది నిన్నే కాబట్టి.

లోహిత


శ్రీకాళహస్తి
జూలై

లోహితా,

నోరు మెదపడన్నావే, మీ ఇమ్మానుయేల్ అత్తమ్మ ముందే "జయంతక్కా, చెల్లెలు కంపెనీ కాయితాలు పంపించినాది, సంతకం పెట్టల్లంట" అని కవరు చేతిలో పెట్టి పోయాడు. నాకు నవ్వాగలేదు. ఇప్పుడు నేను కంపెనీ కాయితానికి జవాబు రాస్తున్నాను.

మిరియం సంగతి దాచను. నువ్వు పోయాక కొన్నాళ్ళు అది గోడ వైపు తిరిగి పడుకుంది. గిన్నె పెట్టి దూరంగా పారిపోయేదాన్ని, మళ్ళీ వచ్చి చూస్తే చీమలు పట్టి ఉండేది. ఇప్పుడు కాస్త తింటోంది. కానీ బాగా చిక్కింది. నిన్న పాలు పోసే వరదమ్మ వాకిట్లో నిలబడి వీధంతా వినేట్టు అడిగింది. "ఏందమ్మా, ఆడబిడ్డ పోయిందని కుక్కను మాడుస్తాండారా? ఎముకలు ఒగటొగటీ లెక్కబెట్టచ్చు గదా!" అత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. "మన ఇంట్లో ఎవురికి కడుపు మాడినాది? ఇంగో గిన్నె పెట్టు దానికి" అని నా మీద లేచింది. పెట్టాను.

నాకు తెలియక అడుగుతున్నాను, కుక్క చిక్కిందో లేదో ఎలా చూడాలి? మనుషులకైతే జాకెట్టు వదులైతే తెలుస్తుంది. దీనికి ఏముంది, ఒక బెల్టు.

మీ అన్న నీ గురించి అడగలేదు. కానీ నీ చెప్పుల జత గూట్లోంచి తీయబోతే "ఉండనీ" అన్నాడు.

జయంతి


శ్రీ సిటీ
జూలై చివర

వదినా,

చెప్పులు ఉండనిచ్చాడట! పెద్ద త్యాగం.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. వారపు సెలవు రాగానే తిరుపతి పోయి, వాడికి చిన్నప్పుడు సూదులు వేసిన డాక్టర్ పవిత్ర దగ్గర కూర్చున్నాను. ఫోనులో ఉన్న పాత ఫోటోలన్నీ చూసి ఆవిడ నవ్వింది. మిరియంలో వేటకుక్క పోలిక ఉందట. పొడుగు కాళ్ళు, సన్నటి నడుము. ఆ జాతి పోలిక ఉన్నవాటికి చివరి ఎముకలు రెండు మూడు కనిపించినా అది ఆరోగ్యమేనట. మన వాళ్ళు బొద్దుగా ఉంటేనే బాగా సాకినట్టు అనుకుంటారు, పిల్లలైనా కుక్కలైనా అంతే అంది. వరదమ్మను లెక్కపెట్టుకోమను, అందులో తప్పేమీ లేదు.

కళ్ళతో కాదు, చేత్తో చూడాలట. ముందు నీ పిడికిలి బిగించి, పైన లేచిన కణుపులను రెండో చేతి వేళ్ళతో తడుము. కుక్క పక్కటెముకలు అలా గట్టిగా తగిలితే చిక్కినట్టు. తర్వాత చేయి తెరిచి, అరచేతిలో వేళ్ళ మొదట్లో మెత్తగా ఉంటుంది చూడు, అక్కడ తడుము. అలా ఉంటే లావెక్కినట్టు. చేయి బోర్లా చాపి వెనక వైపు తడిమితే పలచటి కండ కింద ఎముక తెలుస్తుంది కదా, పక్కటెముకలు అలా ఉండాలి. అది సరైన బరువు. ఇంకా, పైనుంచి చూస్తే నడుము దగ్గర లోపలికి తీసుకుపోయినట్టుండాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి.

భయపడకుండా చేయి వెయ్యి. వాడు కరవడు, సిగ్గుపడతాడు. అమ్మ పెట్టమన్న ఎక్కువ గిన్నె ఆపెయ్యి.

లోహిత


శ్రీకాళహస్తి
ఆగస్టు

లోహితా,

ఆ ఎక్కువ గిన్నె ఆపలేదు. ఎందుకో చెబుతాను, చదివి చించెయ్యి.

నాకు నెల తప్పింది. మూడోసారి. మీ అన్నకు, అత్తమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. దిష్టి తగులుతుందని అయిదో నెల దాకా బయటపెట్టొద్దంది అత్తమ్మ. ఇంటికొచ్చే ఆశా అమ్మాయికి కూడా చెప్పలేదు. ఆటో ఎక్కొద్దంటున్నారు కాబట్టి ఆసుపత్రికీ పోలేదు. పోయిన రెండు సార్లు ఎలా అయిందో నువ్వు పక్కనుండి చూశావు. ఇప్పుడు ఇంట్లో అందరూ గాజు మీద నడుస్తున్నట్టు నడుస్తున్నారు.

అత్తమ్మ నా జాతకం జ్యోతిష్యుడికి చూపించింది. కేతువు బాగా లేడట. బిడ్డ చేతికి వచ్చేదాకా నేను ఏది తిన్నా, ముందు ఒక నల్లకుక్కకు నా చేత్తో పెట్టి, అది తిన్నాకే నేను నోట్లో పెట్టుకోవాలన్నాడట. నల్లకుక్క కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు కదా. కాబట్టి మీ మిరియం ఇప్పుడు ఈ ఇంట్లో కుక్క కాదు, భైరవుడు. "భైరవుడు తినినాడా?" అని అడక్కుండా అత్తమ్మ నాకు విస్తరి వేయదు. చక్కెర పొంగలి, దద్దోజనం, వడ, ఏది చేసినా వాడికే మొదలు.

నువ్వు చెప్పినట్టు చేయి వేశాను. చేతిని నాకాడు. నాకు భయమేసింది, తర్వాత నవ్వొచ్చింది. ఎముకలు తగిలినట్టే ఉన్నాయి, తగలనట్టే ఉన్నాయి. మళ్ళీ చూస్తాను.

కోప్పడకు. వాడికి తిండి ఎక్కువైతే తర్వాత తగ్గించుకోవచ్చు. ఇది పోతే నేను నాలుగోసారి ఆశపడలేను.

జయంతి


శ్రీ సిటీ
ఆగస్టు

వదినా, మా వదినా,

చించలేదు. దిండు కింద పెట్టుకున్నాను. ఇక్కడ ఎవరికీ చెప్పకుండా క్యాంటీన్లో రెండు జిలేబీలు కొనుక్కుని ఒక్కదాన్నే తిన్నాను. బిడ్డ క్షేమంగా రావాలి. వస్తుంది.

అయినా అమ్మను ఏమనాలి? నేనున్నప్పుడు "ఈ కర్ర కుక్కను యాడన్నా ఇడిసిపెట్టి రా" అన్న మనిషి ఇప్పుడు భైరవుడంటుందా! కేతువు నా మీద కూడా కాస్త ముందే దయ తలచి ఉంటే నాకు ఈ హాస్టలు సాంబారు తప్పేది.

ఒక్కటి మాత్రం అడుగుతాను. అమ్మ నీకు గంటకోసారి ఏదో ఒకటి పెడుతూనే ఉంటుంది, అమ్మ సంగతి నాకు తెలుసు. అంటే గంటకోసారి మిరియం కూడా తింటున్నాడు. కడుపుతో ఉన్నది నువ్వు, వాడు కాదు! దేవుడికి నైవేద్యం గుండిగతో పెడతామా? చిటికెడు పెట్టు, చాలు. శాస్త్రం చిటికెడుతో తీరిపోతుంది. పొంగలిలో ఎండుద్రాక్ష వేస్తారేమో చూడు, అది కుక్కలకు విషమని డాక్టర్ పవిత్ర గట్టిగా చెప్పింది.

ఈసారి సరిగ్గా తడిమి, పిడికిలి లాగా ఉందా, అరచేయి లాగా ఉందా, చేతి వెనక లాగా ఉందా, మూడింట్లో ఒకటి రాయి. తగిలినట్టే తగలనట్టే అనేది జవాబు కాదు.

లోహిత


శ్రీకాళహస్తి
సెప్టెంబరు

లోహితా,

ఎండుద్రాక్ష మానేశాం. జీడిపప్పు కూడా.

నీ పరీక్ష చేశాను. పొద్దున ఎండలో వాణ్ణి నిలబెట్టి, కళ్ళు మూసుకుని రెండు చేతులతో తడిమాను. పక్కటెముకలు దొరకలేదు. గట్టిగా నొక్కితే ఎక్కడో లోపల ఉన్నట్టున్నాయి. అరచేతి లాగే ఉందని రాద్దామనుకుని, సరిచూద్దామని నా చేయి నేను తడుముకున్నాను. అరచేతిలో మెత్తదనమేమీ లేదు, ఎముక చేతికి వస్తోంది. చేతి వెనక తడిమితే పిడికిలి లాగా గట్టిగా ఉంది. మీ డాక్టరమ్మ లెక్క డాక్టరమ్మ చేతికి సరిపోతుందేమో, నాకు కుదరడం లేదు. ఇంకేదైనా కొలత చెప్పు.

పైనుంచి చూస్తే నడుమనేదే లేదు, మెడ నుంచి తోక దాకా ఒకటే గోనెసంచి. మిద్దె మెట్లు సగం ఎక్కి కూర్చుండిపోతున్నాడు. నాలుక బయటపెట్టి రొప్పుతుంటే ఆ చప్పుడు నాకు వంటింట్లోకి వినబడుతుంది. చిటికెడు పెడదామనే అనుకుంటాను. కానీ వాడు నా వైపు అలా చూస్తాడే, ఆ చూపుకు నేను ఓడిపోతాను.

అత్తమ్మ సంతోషంగా ఉంది. ప్రతి పూటా నా విస్తరి ఖాళీ అవుతోందని వరదమ్మకు కూడా చెప్పింది. నా గురించి దిగులు పడకు.

జయంతి


శ్రీ సిటీ
సెప్టెంబరు

వదినా,

నేను నీ గురించి కాదు దిగులు పడేది, వాడి గురించి. మెట్లెక్కలేని వేటకుక్కను ఎప్పుడైనా విన్నావా? నిన్న ఇమ్మానుయేల్ అన్న కూడా చెప్పాడు. "లోహితమ్మా, మీ కుక్కను సూసినా. గుర్తుపట్టలేకపోయినా. పందిపిల్ల మాదిరి ఉండాది." పనిలో లెక్క తప్పి సూపర్‌వైజరు చేత మాటలు పడ్డాను. డాక్టర్ పవిత్రకు ఫోను చేస్తే, ఇలాగే పోతే కీళ్ళు పోతాయి, గుండె మీద పడుతుంది, వాడి బరువెంతో ముందు తెలుసుకోమంది.

చూపుకు ఓడిపోతున్నావా? నేను మూడేళ్ళు ఆ చూపుతోనే బతికాను. ఆకలి లేకపోయినా అలాగే చూస్తాడు, అది వాడి వృత్తి. నీ చేయి నీకు సరిపోవడం లేదా? ఇవన్నీ సాకులు.

మన గోడ పక్క కుప్పయ్య మామ బియ్యం అంగడిలో పెద్ద కాటా ఉంది కదా, మూటలు తూచేది. వాణ్ణి అక్కడికి తీసుకుపోయి తూయించు. నేను వచ్చేటప్పుడు ఇరవై ఒక్క కిలోలున్నాడు. ఎంతో రాయి. ఎక్కువ ఉందంటే నేను గడప తొక్కకుండానే వీధిలో నిలబడి పిలుస్తాను, వాడు నా వెంట వచ్చేస్తాడు. కేతువుతో నువ్వే మాట్లాడుకో.

లోహిత


శ్రీకాళహస్తి
సెప్టెంబరు చివర

లోహితా,

ఆఖరి మాట నువ్వు కోపంలో రాశావని అనుకుంటాను. వాణ్ణి తీసుకుపోతే నా గతేమిటో నీకు తెలుసు.

కాటా ఎక్కించాను. అదొక తిరునాళ్ళు. ఒంటరిగా నిలబడమంటే నిలబడడు, ఆ ఇనప పలక కదిలితే చాలు కిందికి దూకుతాడు. చివరికి నేను కూడా ఎక్కి పక్కన కూర్చుని మెడ పట్టుకుంటే కుదురుగా ఉన్నాడు. ఇద్దరం కలిసి డెబ్భై ఒకటి. తర్వాత వాణ్ణి దింపి నేనొక్కదాన్నే నిలబడ్డాను. నలభై. కుప్పయ్య మామ కాటా వైపు చూసి, నా వైపు చూసి, "ఉండమ్మా, కాటా తప్పు సూపిస్తాండాదేమో" అని పాతిక కిలోల బియ్యం మూట వేసి చూశాడు. పాతికే చూపించింది. ఆయన వాడికి గుప్పెడు బొరుగులు పెట్టాడు.

తీసివేత నువ్వే చేసుకో. లావెక్కాడని ఒప్పుకుంటున్నాను. రేపటి నుంచి తగ్గిస్తాను. వీధిలో నిలబడి పిలవొద్దు.

జయంతి


శ్రీ సిటీ
అదే వారం

వదినా,

తీసివేత చేశాను. ముప్పై ఒకటి. పది కిలోలు పెరిగాడు. డాక్టర్ పవిత్రకు ఫోను చేసి ఆ అంకె చెప్పి, నిన్ను నాలుగు మాటలు తిట్టుకుని, షిఫ్టుకు పోయాను. భోజనాల దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడినప్పుడు గాని రెండో అంకె నా కళ్ళకు ఆనలేదు.

నలభై.

పోయిన ఏడాది రైల్వే స్టేషన్లో రంగు బల్బుల మిషను ఎక్కి, యాభై రెండని చీటీ వస్తే మొహం ముడుచుకున్నావే, నేను నవ్వానే! ఇప్పుడు కడుపులో బిడ్డతో నలభయ్యా? నీ అరచేతికి ఎముక తగలడం సాకు కాదు. నువ్వు రాస్తూనే ఉన్నావు, నేను కుక్క కోసం వెతుక్కుంటూ చదివాను.

ఒకే ఒక్క మాట అడుగుతాను. మిరియం ఇంత లావెక్కాడంటే, వదినా, నీ విస్తరిలో అన్నం ఎవరు తింటున్నారు?

లోహిత


శ్రీకాళహస్తి
అక్టోబరు

లోహితకు,

కుక్క బరువు అడిగావు, చెప్పాను. నా బరువు అడగడానికి నువ్వెవరు? నాలుగు నెలలుగా ప్రతి ఉత్తరంలో వాడు తిన్నాడా, వాడి నడుమేది, వాడి ఎముకలేవి. నువ్వు తిన్నావా వదినా అని ఒక్క ముక్క రాశావా? ఇప్పుడు కాటా చెబితే గుర్తొచ్చానా?

రాయకూడదనుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ.

మొదటిసారి పోయినప్పుడు, నేనింకా మంచం మీద ఉండగానే, అత్తమ్మ అడిగిన మొదటి మాట "ఏం తినినావే?" అనాసపండు ముక్క తిన్నానని చెప్పాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ అత్తమ్మ ఆ ముక్క గురించే చెప్పింది. రెండోసారీ అదే మాట. నువ్వుల ఉండ తిన్నానన్నాను. తిండి వల్ల కాదమ్మా, ఒక్కోసారి అలా అవుతుందని డాక్టరు ఇద్దరికీ చెప్పింది. అత్తమ్మ వినలేదు. లోహితా, నేనూ వినలేదు. నా చేత్తో నేనే తిని పోగొట్టుకున్నానని ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు ముద్ద ఎత్తితే ఆ మాటే వినబడుతుంది. మిరియానికి పెడితే తింటాడు, తోక ఊపుతాడు, వాడికేమీ కాదు. ఆ ముద్ద దాకా మంచిదేనని నాకు ధైర్యం వస్తుంది. నా వంతు వచ్చేసరికి చేయి లేవదు. సరే, ఇంకో ముద్ద వాడికే పెట్టి చూద్దామనుకుంటాను. అలా అలా విస్తరి అయిపోతుంది. అత్తమ్మ వచ్చి ఖాళీ విస్తరి చూసి నా తల నిమురుతుంది. ఆ నిమరడం కోసం కూడా నేను నోరు విప్పలేదు. నేను తాగేది పాలు, మజ్జిగ. ఈమధ్య నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. బిడ్డ కదిలిందో లేదో నాకు తెలియడం లేదు.

అందరికీ చెప్పి నన్ను నిలబెట్టి అడిగించకు. నీకు దండం పెడతాను.

జయంతి


శ్రీ సిటీ
మర్నాడు

వదినా,

అడగలేదు. నిజం. ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వు ఎన్ని తిట్టినా పడతాను, ఎదురుగా కూర్చుని పడతాను.

ఈ కాగితం నీకు ముందే చేరాలని ఇమ్మానుయేల్ అన్నకు ఇస్తున్నాను. రేపు పొద్దున, రాత్రి షిఫ్టు వాళ్ళను దింపే బస్సులో నేను వస్తున్నాను. అన్న తప్పయిందంటే అంటాడు, లేకపోతే లేదు, గడప మాత్రం తొక్కుతాను. అమ్మకు, అన్నకు చెప్పేది నేను. నిన్ను ఎవరూ ఏ మాటా అడగరు, అడిగితే నన్ను దాటి అడగాలి. రెండు చీరలు సర్దుకుని ఉండు. తిరుపతి ఆసుపత్రికి పోతున్నాం. ఆటోలో వద్దంటే కారు, కారు వద్దంటే మంచంతో మోసుకుపోతాం.

ఈ పూటకు ఒక గ్లాసు గంజి తాగు. మిరియానికి పెట్టి తాగినా సరే.

లోహిత


శ్రీకాళహస్తి
అక్టోబరు చివర

వదినా,

అన్న క్యారియర్ తెస్తున్నాడు, అందులోనే ఈ ఉత్తరం. వార్డుకు ఫోను చేస్తే అమ్మ వచ్చి స్పీకరు నొక్కుతుంది కాబట్టి నేను మాట్లాడలేను, నీకు తెలుసు.

ఆసుపత్రిలో నిన్ను చేర్చుకున్న రోజు డాక్టరు, రక్తం ఇంత తక్కువుంటే ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని అడిగితే, అమ్మ మొదటిసారి ఎవరి మీదా తోయకుండా నిలబడింది. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని, "నేను పెట్టిందంతా కోడలు తింటాందనుకున్యా గదే, నేనేం జేసినా?" అని ఏడ్చింది. నాకు జాలేసింది, కోపం కూడా పోలేదు. అన్న నాకు తప్పయిందని చెప్పలేదు. కానీ మిరియాన్ని తనే బస్సు స్టాండు దాకా నడిపించి తెస్తున్నాడు, పొద్దునా సాయంత్రమూ, అంగడి ఎవరికో అప్పజెప్పి. ఇద్దరూ రొప్పుతూ వస్తారు. పుత్తూరు వాళ్ళకు ఏం చెప్పాడో నేను అడగలేదు.

ఇక అసలు సంగతి. ఇక్కడ అమ్మ మిరియానికి చిటికెడు పెట్టి, తిన్నాడని ఫోను చేస్తే గాని నువ్వు అక్కడ ముద్ద ఎత్తడం లేదని నర్సమ్మ అన్నకు చెప్పింది. ఇన్నాళ్ళూ సరేలెమ్మని ఊరుకున్నాను, ఏదో ఒకలా తింటున్నావని.

ఈరోజు వాడు తినలేదు. పొద్దున్నుంచి వాకిట్లో పడుకుని నువ్వు పోయిన వైపు చూస్తున్నాడు. చిటికెడు కాదు, మెతుకు కూడా ముట్టలేదు. డాక్టర్ పవిత్రకు చెబితే, ఒక పూట పస్తు వాడికి మంచిదే, కంగారేమీ లేదంది. అమ్మ మాత్రం కంగారు పడి, "తినిందని జెప్పేయ్, బిడ్డ కోసరం అబద్ధమాడితే పాపం రాదు" అంటోంది. నేను వద్దన్నాను. అబద్ధం చెప్పి నీకు ఈ పూట అన్నం తినిపించగలను. రేపు? ఎల్లుండి? నీ తిండి మళ్ళీ ఆ గిన్నెకే కట్టి పెట్టినట్టవుతుంది. ఖాళీ విస్తరి చూసి మోసపోయిన ఇల్లు ఇది, ఇంకో మోసం నా చేత కాదు.

కాబట్టి నిజం రాస్తున్నాను. వాడు తినలేదు. ఫోను రాదు. కేతువు సంగతి నాకు తెలియదు వదినా, ఉన్నాడో లేడో, ఉంటే మన వైపు చూస్తున్నాడో లేదో. నాకు తెలిసింది ఒకటే, వాడి పస్తు వాడికి మంచిది, నీ పస్తు నీకు కాదు. క్యారియర్లో పప్పు, అన్నం, బీరకాయ కూర ఉన్నాయి. కూర నేనే చేశాను. తప్పు చేస్తున్నానేమో కూడా తెలియడం లేదు.

లోహిత


తిరుపతి, ప్రసూతి ఆసుపత్రి
అదే రోజు మధ్యాహ్నం

లోహితా,

మీ అన్న బస్సుకు పోవాలని తొందరపడుతున్నాడు, గబగబా రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి, క్యారియర్ మూత తీయకుండా చాలాసేపు కూర్చున్నాను. నీ మీద కోపం వచ్చింది. తిన్నాడని రాస్తే నీ సొమ్మేం పోయింది అనుకున్నాను. "ఏమంటాది లోహిత?" అని అడిగాడు మీ అన్న. "కుక్క తినలేదంట" అన్నాను. ఆయన మొహం చూడాల్సింది, నాకంటే ఎక్కువ భయపడ్డాడు. "అయితే ఉండు, తొందర పడొద్దు, అమ్మకు ఫోను జేస్తా. అది తినినాకే తిందువులే" అని ఫోను తీశాడు.

ఆయన మంచివాడు. నేను బాగుండాలనే అన్నాడు. కానీ ఆ మాటతో, వీళ్ళందరూ నా మీద ప్రేమతోనే నన్ను ఇలా ఎన్నాళ్ళైనా కూర్చోబెడతారు, ఆ మూత అలాగే ఉంటుంది, నేనూ అలాగే ఉంటాను అనిపించింది. పొద్దున డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టు ఉంది. అంత పరుగు పరిగెత్తేదానికి ఎంత ఆకలి వేస్తుందో అనుకున్నాను. ఫోను పెట్టెయ్యమన్నాను.

పప్పన్నం కలిపాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మీ అన్న నా మోచేయి పట్టుకున్నాడు. నీళ్ళు తాగాను. రెండోది ఎత్తేసరికి "ఏం తినినావే?" అని చెవిలో వినబడింది. ఎప్పటిలాగే వినబడింది, లోహితా, అది ఎక్కడికీ పోలేదు. కానీ ఈసారి నేను ముద్ద కింద పెట్టలేదు. క్యారియర్ మూడు గిన్నెలూ అయ్యేదాకా తిన్నాను. నీ బీరకాయ కూరలో ఉప్పు లేదు.

ఇప్పటికీ భయంగానే ఉంది. పొట్ట మీద చేయి పెట్టుకునే రాస్తున్నాను. రేపు ఏమవుతుందో డాక్టరమ్మకే తెలియదట. బాగుంటే అందరం బాగుంటాం. ఒకవేళ కాకపోతే, మళ్ళీ ఆ మాట ఎవరైనా అడిగితే, ఈసారి తల వంచుకుని జవాబు వెతుక్కోను. ఆకలేసింది, తిన్నాను అని చెబుతాను.

జయంతి